తలమార్పు

బొమ్మలు అచ్చువేసే చెర్రీ పలక మీద, టీ కొట్టు పిల్ల నుయి బొమ్మ మెడ దగ్గర ఉలి ఆనించి, జింపచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

ఆడవాళ్ల బొమ్మలకు జుట్టు చెక్కాలంటే జపానులోని ఎడో నగరంలో జింపచే చెక్కాలి. అలాంటివాడి ఉలి ఇవాళ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తలపెట్టిన పని అలాంటిది మరి. తల తీసే పని.

బొమ్మల కొట్టు యజమాని నిన్ననే వచ్చి చెప్పి వెళ్లాడు. నుయి మొహం పాతబడిందట, జనం కొనడం లేదట. కిమోనో బాగుంది, టీ పళ్లెం పట్టిన చెయ్యి బాగుంది, వాటి జోలికి పోవద్దు. తల మటుకు తవ్వేసి, ఆ గుంటలో కొత్త చెక్క బిగించి, గుడి వీధిలో కొత్తగా పేరొచ్చిన పిల్ల తల చెక్కాలి. సాయంత్రానికి పలక అచ్చుకు పోవాలి. తల మారితే తలరాత ఎవరికి మారుతుందో ఆయనకెందుకు?

కబురు ఎలా తెలిసిందో, నుయి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడింది. బొమ్మ చూసిన జనమే ఆమె పనిచేసే టీ కొట్టుకు వస్తారు. బొమ్మ మారిన రోజున నువ్వూ చోటు మారిపో అని టీ కొట్టాయన ముందే చెప్పేశాడట.

“మేస్త్రిగారూ, బొమ్మలోలాగా చిటికెనవేలు లేపి పళ్లెం పట్టడం రావడానికే నాకు ఏడాది పట్టింది. ఇంకొక్క ఏడాది ఉండనివ్వండి నన్ను.”

“నాదేముందమ్మా, చెక్కమన్నది చెక్కుతాను,” అన్నాడు జింపచి. అన్నాడే గాని, ఉలి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

వంటింట్లోంచి భార్య ఫుసా చూస్తోంది.

“పోయినసారి ఆగలేదుగా నీ ఉలి,” అంది.

తల తీసేవాడు తలెత్తలేకపోయాడు.

ఫుసా టీ తెచ్చి, నుయి ఎదుట మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం చాపింది.

“తాగమ్మా, చల్లారిపోతుంది. తల పోయినంత మాత్రాన ప్రాణమేం పోదు. రేపట్నుంచి ఇక్కడికి రా, ఉలి సానబట్టడం నేర్పిస్తాను.”

నుయి కళ్లు తుడుచుకుని, కప్పు అందుకోబోయి ఆగిపోయింది.

పళ్లెం అంచున లేచి ఉన్న ఫుసా చిటికెనవేలు, మూడేళ్ల కిందట జింపచి ఆ పలక మీంచి ఫుసా తల తవ్వేసి నుయి తల బిగించినప్పుడు, జోలికి పోకుండా వదిలేసిన వేలే.