పై మట్టి

సీజన్ చివరి వంకాయలు కోసుకొని అనంతమ్మ గట్టు మీదికి వచ్చేసరికి, భూమి ఆసామి పాండు మడిలో కూర్చొని మట్టి పిసుకుతున్నాడు.

అనంతమ్మ కౌలుకు తీసుకున్ననాడు ఆ నేల ఉత్త మొరం, గులకరాళ్లే. మందు బస్తా ముట్టకుండా, పేడా ఆకూ వేసి మూడేళ్లలో ఆమె దాన్ని నల్లగా చేసింది.

"వచ్చే ఏడు గూడ నాకే ఇస్తవా తమ్మీ?"

"నీకే అక్కా. గింత మంచిగ చేసినవ్, ఇంకెవ్వరికిస్త?"

ఆమె మంచి కాయలు ఏరి అతని సంచిలో పోసింది.

"రేపు జేసీబీ వస్తది," అన్నాడు పాండు. "ఎయిర్‌పోర్టు కాడి విల్లాలోళ్లు తోటలకు గీ మట్టే కావాలన్నరు. మోకాలు లోతు తీస్తరు, అంతే."

"మరి నేనేం పండియ్యాలె?"

"మల్ల మట్టి చెయ్యి, నీకొచ్చు గద. కొత్త విల్లాలు లేసేటప్పటికి తయారైతది."