మధ్యలో వచ్చినమ్మాయి

"నేనూ బి సెక్షనే. నిన్నెప్పుడూ చూసిన గుర్తు లేదే," అంది గుమ్మం దగ్గర బ్యాడ్జీలు పంచుతున్న బొద్దావిడ, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

కంటి డాక్టరమ్మ బ్యాడ్జీ కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె రావలసింది ఈ హాలుకి కాదు. అదే హోటల్లో పై అంతస్తులో కళ్ళ డాక్టర్ల సదస్సు జరుగుతోంది. భోజనానికి కిందికొస్తూ లిఫ్టులోంచి ఒక అంతస్తు ముందే దిగేసింది. పొరపాటున వచ్చానని వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ తెరిచిన తలుపులోంచి హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వడం వినిపించింది. తలలు నెరిసినవాళ్ళు ఒరేయ్, ఒసేయ్ అని పిలుచుకుంటున్నారు. పదో తరగతి పూర్వ విద్యార్థుల కలయిక అని బ్యానరు కట్టి ఉంది. ఏ సెక్షనని బొద్దావిడ అడగ్గానే నోటికొచ్చింది చెప్పేసింది.

"సంవత్సరం మధ్యలో వచ్చాను," అంది ఇప్పుడు. "పరీక్షలకి ముందే వెళ్ళిపోయాను."

ఈ మాట మాత్రం అబద్ధం కాదు. తండ్రిది వంతెనలు కట్టించే ఉద్యోగం. వంతెన పూర్తయిందంటే ఇంట్లో సామాను సర్దుడు మొదలయ్యేది. ఆమె చదివిన ప్రతి బడిలోనూ అలాగే మధ్యలో చేరింది, మధ్యలోనే మానేసింది. ఒకే గదిలో ఐదు తరగతులు నడిచే బడి. క్లాసులో మాట్లాడితే జరిమానా వేసే బడి. గంట కొడితే లేచి, గంట కొడితే పడుకోవాల్సిన హాస్టలు బడి. పాఠాలు ఎక్కడివక్కడ మరిచిపోయినా, కొత్తచోట మసలుకునే విద్య మాత్రం బాగా ఒంటబట్టింది. తెలిసిందైనా తెలియనట్టు అడగాలి. నలుగురూ నవ్వితే తనూ నవ్వాలి, కానీ అందరికంటే ముందు ఆపెయ్యాలి.

బొద్దావిడ ఇంకా ఏదో అడగబోతుంటే, తెల్లమీసాల పొడుగాయన ఒకరు వచ్చారు. పూర్వ విద్యార్థుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. డాక్టరమ్మని ఒక్క క్షణం పరకాయించి చూశారు.

"నాకు బాగా గుర్తుంది. మన బి సెక్షనే. లోపలికి రానివ్వమ్మా," అన్నారు.

అధ్యక్షుడి మాటకి ఆ హాల్లో తిరుగులేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో, ఎవరికి ఏ ముద్దుపేరుండేదో ఆయనకి కంఠతా అట. అందుకే ఏటా ఆయన్నే ఎన్నుకుంటున్నామని పక్క కుర్చీలో ఆవిడ గొప్పగా చెప్పింది.

లెక్కల మాస్టారు గుర్తున్నారా అని ఎవరో అడిగారు. ఆయన చేత ఎక్కువ దెబ్బలు తిన్నది ఎవరని డాక్టరమ్మ ఎదురడిగింది. అంతే, చేతులు లేచాయి, పోట్లాట మొదలైంది. వానాకాలంలో కారే పైకప్పు సంగతి వచ్చింది. అదైతే ఆమెకీ తెలుసు. పుస్తకాలు గౌనులో చుట్టుకుని గోడ వారగా నిలబడడం ఆమె చెబుతుంటే, అవునవునని అందరూ తలలూపారు. సుద్దముక్కల వాసన, చివరి గంటకి ముందు బడంతా ఊపిరి బిగబట్టే ఆ నిమిషం, అన్నీ ఆమెవే. కాకపోతే ఒక్కోటీ ఒక్కో బడిది. ఫొటో తీసేటప్పుడు ఆమెని నడిమధ్యన కూర్చోబెట్టారు.

అప్పుడు బొద్దావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు గుర్తొచ్చావే. నువ్వెళ్ళిపోయిన రోజు నేను అన్నం కూడా తినకుండా ఏడ్చాను, తెలుసా?"

సామాను లారీ వెనక కూర్చుని బడిగేటు కనుమరుగయ్యేదాకా చూసిన ప్రతిసారీ డాక్టరమ్మకి ఒకటే బెంగ. రేపు తన చోటు ఖాళీగా ఉందని ఎవరైనా చూస్తారా అని. ఇన్నేళ్ళకి ఒకరు చూశామన్నారు. అదీ, తను అడుగే పెట్టని బడిలో. ఆ కన్నీళ్ళు మరెవరికో చెందినవని తెలిసి తీసుకోవడానికి మనసొప్పలేదు. ఇప్పుడే వస్తానని చెప్పి, గబగబా బయటికి నడిచింది.

లిఫ్టు దగ్గర వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. అధ్యక్షుడుగారు.

"అప్పుడే వెళ్ళిపోతున్నారేం?"

ఇక దాచలేకపోయింది. పై అంతస్తులో సదస్సుకి వచ్చినదాన్ననీ, ఈ బడి ఎక్కడుందో కూడా తెలియదనీ, లోపల వాళ్ళకి క్షమాపణ చెప్పమనీ తలొంచుకుని చెప్పింది. ఆయన ముఖంలో కోపంగానీ ఆశ్చర్యంగానీ కనబడలేదు.

"మీరు ఈ బడి కాదని గుమ్మం దగ్గరే నాకు తెలుసు," అన్నారు.

"మరి గుర్తుందని ఎందుకు చెప్పారండీ?"

ఆయన హాలు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మా నాన్నది పోలీసు ఉద్యోగమమ్మా. నేను తొమ్మిది బళ్ళు మారాను. అందులో ఈ బడి లేదు."