రిజిస్టర్డ్ ఆఫీసు

"మా ఇంటి అడ్రసు వద్దు మేడమ్. రేణుక వాళ్లింటిదే రాయండి" అంది నజ్మా.

"నాదెందుకు? నజ్మాదే రాయండి" అంది రేణుక.

ఆడిటర్ సునీత కీబోర్డు మీంచి చేతులు తీసింది. ఒప్పందంలో వాటాలు చెరిసగమని ఒక్క మాటలో తేలిపోయింది. బ్యాంకులో ఇద్దరి సంతకాలూ ఉండాలన్నదీ అంతే. ఎమ్మిగనూరులో రేణుక ఇంటి మగ్గాల గుడ్డ, ఆదోనిలో నజ్మా కుట్టుపని. ఆ గుడ్డతో కుట్టిన సంచులు మంత్రాలయం దుకాణాలకు వెళ్తాయి. ఇన్నాళ్లూ నోటిమాట మీద నడిచిన పని కంపెనీ కాబోతూ అడ్రసు దగ్గర ఆగింది.

"అందరూ మా ఇంటికే బోర్డు కావాలని కొట్లాడతారు. మీరేంది, తిరగేసి కొట్లాడతాండారు?" అంది సునీత.

అది ఆదోని పాత బస్టాండు దగ్గర మేడ మీది రేకుల గది. ఫ్యాను తిరుగుతోంది కాని గాలి కిందికి దిగడం లేదు. సునీతకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. "తిన్నాను లే. ఈడేం ఉక్కగా లేదు" అని చెప్పి, మెడ తుడుచుకుంటూ పెట్టేసింది.

"మీ ఇంట్లో వెలుతురు బాగుంటాది మే" అంది నజ్మా.

"మీది మెయిన్ రోడ్డు. పోస్టుమ్యానుకు సులువు."

"మా ఇంట్లో పిల్లోళ్ల గోల."

"మా ఇంట్లో మగ్గాల గోల. దానికేమంటావ్?"

"నోటీసులొస్తాయని భయమా?" అడిగింది సునీత. "మీరు పెట్టే ఎల్‌ఎల్‌పీ అంటేనే కంపెనీ మునిగినా మీ ఇండ్ల జోలికి ఎవరూ రారని అర్థం."

"భయం నాకు లేదు, ఆమెకే." నజ్మా గొంతు మారింది. "రేపేమన్నా అయితే అందరూ నా వాకిట్లోకి రావాల, ఆమె చేతులు దులుపుకోవాల. నమ్మకం లేనప్పుడు కంపెనీ ఎందుకు?"

ఆధార్ కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. రేణుక ఆ సంచి పిడి పట్టుకుంది. గుడ్డ తనది, కుట్టు నజ్మాది.

"నమ్మకం లేక గాదే" అంది రేణుక, కళ్లలో నీళ్లతో. "ఆఫీసు మా ఇంట్లో పెడితే మా అత్త ఏమంటాదో తెల్సా? 'ఆఫీసు ఈడే ఉండాది కదమ్మా, ఇంగ ఎండలో యాడికి పోతావ్' అంటాది. ప్రేమతోనే అంటాది. ఆదోని బస్సెక్కేది ఇంగ ఉండదు నాకు."

నజ్మా మెల్లగా కూర్చుంది.

"మా ఆయన ముందు గది ఖాళీ చేసి సున్నం గూడా కొట్టించినాడు. 'నువ్వు గడప దాటే పనే లేదు' అని ఎంత సంబరంగా చెప్పినాడో. నాకు ఏడుపొచ్చింది మే" అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు రేణుకకే నవ్వొచ్చింది.

సునీత టైపు చేయడం మొదలుపెట్టింది. "ఈ మెట్ల పక్క గది ఖాళీగా ఉండాది. దాని అడ్రసే రాస్తాండా. అద్దె తక్కువే."

"ఇంట్లో గది పెట్టుకుని బయట అద్దెందుకంటే ఏం చెప్పేది మేడమ్?" అంది నజ్మా.

"ఇంట్లో ఆఫీసు పెట్టుకునేదానికి రూలు ఒప్పుకోదని చెప్పండి" అంది సునీత, తెర మీంచి చూపు తిప్పకుండానే. "నాలుగు గదులు ఖాళీగా పెట్టుకుని, మా ఇంట్లో నేను ఇన్నేండ్లుగా చెప్తాండేది అదే."