వేపాకు నీళ్లు

"గుమ్మం తొక్కకు. ముందు తానం సెయ్యి," అంది రత్నాలు. పెరట్లో వేపాకు వేసి కాచిన నీళ్ల బిందె పొగలు కక్కుతోంది.

"ఈ రోజూ శవం రాలేదత్తా. బల్లలు తుడిచి, శవాల్ని ఉంచే ఖాళీ తొట్లు చూసుకుని వచ్చాను," అంది కోడలు హేమలత. కొండమీద కొత్తగా తెరిచిన మెడికల్ కాలేజీలో, పిల్లలు శవాన్ని కోసి నేర్చుకునే గదిని సిద్ధం చేసే పని ఆమెది.

"రాకపోతే ఏటి? సచ్చినోల కోసం కట్టిన గదే కదా. మైల మైలే."

"దానికి జలుబు చేసిందమ్మా. ఈ పూటకి వదిలెయ్యి," అన్నాడు రవిబాబు.

"నువ్వూరుకోరా. పెళ్లాం తుమ్మితే నీకు జొరమొచ్చేత్తాది."

పెరటి అరుగు మీద చుట్ట కాలుస్తున్న సుక్రు నవ్వాడు. "సచ్చినోలు కూడా ఈ కొండెక్కనంటన్నారా, కోడలా?"

"బతికున్నవాళ్లే ఒప్పుకోవడం లేదు మామా. పోయాక మీ దేహం కాలేజీకి ఇవ్వండి అని ఊరూరా తిరిగి అడుగుతున్నాను. 'మీ ఇంట్లో ఎవరిత్తన్నారు?' అంటున్నారు. ఏం చెప్పను? ఇలాగైతే మా పిల్లలు ప్లాస్టిక్ బొమ్మల్ని మాత్రమే చూసి డాక్టర్లయిపోతారు."

"అయితే అవనీ. మనకేటి?" అంటూ రత్నాలు చెంబు అందించింది.

చెంబు రత్నాలు చేతిలోంచి జారబోయింది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ వంకరపోయి ఎప్పటిలాగే పట్టు చాల్లేదు. ఒకప్పుడు డాక్టరు మోచేతి మీద కురుపు కోసినప్పుడు నరం తెగింది.

హేమలత చెంబును పట్టుకుంది. "మనకేటి అంటావా? ఆ కురుపు కోసినవాడు ముందు ఒక శవం చేతిలో ఆ నరం ఎక్కడుందో వెతికి చూసుంటే, నీ వేళ్లు ఇలా ఉండేవి కావత్తా."

సుక్రు చుట్ట ఆరిపోయింది.

రత్నాలు తన వేళ్ల వంక చూసుకుంది. తర్వాత బిందెను పక్కకి వాల్చేసింది. వేపాకులతో సహా వేడినీళ్లన్నీ పెరట్లో పారాయి.

"అమ్మా, కోపముంటే నామీద చూపించు," అన్నాడు రవిబాబు లేచి. "ఈ చలిలో దాన్ని చన్నీళ్లు పోసుకోమంటావా?"

రత్నాలు గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది.

"లోపలికి రాయే," అంది నెమ్మదిగా, భర్తకీ కొడుక్కీ కూడా వినబడేలా. "రేపట్నుంచి ఈ నీలు కాయను. ఊళ్లో ఎవరడిగినా మా అత్త ఇత్తందని సెప్పు. నానుండబోయే గదికి మైలేటి?"