ఏడుగురు ఉంటే చాలు

"ప్రైవేటు విమానాలోళ్లు ఎత్తుకుపోతారని పైలట్లకు ఏడు వేలు పెంచినారు. ఇంజనీర్లకు నాలుగు వేలు. పెట్టెలు మోసే మాకు మూడు నూర్లంట! మేమేమి, గాలి తిని బతకాలనా?"

మద్రాసు విమానాశ్రయంలో లోడరుగా పనిచేసే లోకనాథం సెలవుకు గుడియాత్తం వచ్చినప్పటినుంచీ ఇదే పాట. భార్య అమ్మణి అగ్గిపెట్టెలకు బంక రాస్తూ వింటోంది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లూ అదే పనిలో ఉన్నారు.

"పైలట్టు పని ఆపితే విమానం లేవదు. నువ్వు ఆపితే ఏమయితాది మామా?"

"దిగినోడికి మారు పంచె కూడా ఉండదు!"

అమ్మణి కిసుక్కున నవ్వింది. "మరి ఆ మూడు నూర్లన్నా ఎట్ల ఇచ్చినారు?"

"ఊరికే ఇస్తారా? సంఘం కట్టి, తొమ్మిది దినాలు పని ఆపినాము."

"మాతో అగ్గిపెట్టెలు చేయించుకునే ముదలాలి వేలూరులో మూడో మేడ కట్టినాడు. మాకు నూరు పెట్టెలకు పది పైసలు పెంచి నాలుగేండ్లయింది."

లోకనాథం ఇన్నాళ్లూ పైలట్ల జీతాలు లెక్కబెట్టాడే గానీ, పెళ్లాం కూలి ఎంతో ఒక్కనాడూ అడగలేదు.

"సంఘానికి ఎంతమంది కావాల?" అంది అమ్మణి.

"ఏడుగురు ఉంటే చాలు. అయినా ఆడోళ్లు అంతమంది యాడ కూడతారు?"

అమ్మణి వాకిలివైపు తిరిగి కేకేసింది. "పొన్నమ్మక్కా, లోపలికి రండి! ఏడుగురు చాలంట!"

బంక చేతులతోనే ఎనిమిదిమంది లోపలికి వచ్చారు. అందరికంటే పెద్దదైన పొన్నమ్మ అడిగింది.

"నాకు సంతకం రాదు నాయనా. వేలిముద్ర ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారు పెద్దమ్మా, కూర్చో."

లోకనాథం లేచి, తన చాప వాళ్లకిచ్చి, కాగితం వెతకబోయాడు. ఆ పూట మళ్లీ పైలట్ల మాట ఎత్తలేదు.