పొట్టి తుపాకీ

"అది పెట్టెయ్, అమ్మాయ్. దాన్ని సంచిలోంచి లాగేలోపు నీ కుక్కలు పచ్చడైపోతాయి."

మారెన్ వెనక్కి తిరిగి చూసింది.

వెర్నా దుకాణంలో, పొయ్యి పక్కన ఒక ముసలాయన కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా రొట్టె పొడి.

ఆమె చేతిలో ఉన్నది పొడుగాటి తుపాకీ. పైన దుర్భిణి, నిగనిగలాడే కర్ర.

"నిన్ను అడిగానా, తాతా?"

"అడగలేదు. అడిగేవాళ్ళు తక్కువే."

మారెన్ ఈ ఊరొచ్చి రెండు నెలలు. ఎప్పుడూ వానపడే అలాస్కా దక్షిణ తీరం వదిలి, ఎనిమిది కుక్కల్నీ, అవి మంచు మీద లాగే ఒక స్లెడ్జి బండినీ వెంటబెట్టుకుని ఈ మంచులోకి వచ్చింది. అడవిలో ఉచ్చులు పెట్టుకుని బతుకుతోంది.

ఈ ఏడు మంచు నడుం లోతు పడింది. మూస్ దుప్పులు అందులో నడవలేక, బండ్లు తిరిగి గట్టిపడిన దారినే పట్టుకున్నాయి. గుర్రం కంటే ఎత్తు. ఎదురొస్తే తప్పుకోవు. పొరుగాయన కుక్కలు నాలుగింటిని మొన్న ఆదివారమే తొక్కి చంపాయి.

ఒకే తాడుకు కట్టిన కుక్కలు ఎక్కడికని పారిపోతాయి?

ముసలాయన లేచి, గోడకున్న పొట్టి తుపాకీ తీశాడు.

"ఇది తీసుకో. చేతి తొడుగు విప్పకుండానే, తూటా ఎక్కించే ఈ బోల్టు లాగొచ్చు. పైన అద్దాల్లేవు, నీ ఊపిరి తగిలి మసకబారేదేం లేదు. కళ్ళు మూసుకుని భుజానికెత్తు."

ఎత్తింది. కళ్ళు తెరిచేసరికి గొట్టం చివర గురి చూసే ముల్లు తిన్నగా గోడమీది కేలండర్‌పై నిలబడి ఉంది.

"బావుంది," అని ఒప్పుకోక తప్పలేదు.

"ఎఫ్రాయిమ్, నా కొట్లో పనికి ఎప్పుడు కుదిరావయ్యా?" అంది వెర్నా.

"నీ రంగునీళ్ళని కాఫీ అని ఒప్పుకుంటున్నాను. అంతకంటే పనేముంది?"

ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. మారెన్ డబ్బు కట్టేలోపు ముసలాయన తుపాకీ తన చేతిలోకి తీసుకున్నాడు, తిరిగి ఇవ్వలేదు.

"ఒక్కరోజు నా దగ్గరుంచు, తల్లీ. బోల్టు విప్పి కిరసనాయిల్లో కడిగి ఇస్తాను. ఈ చలిలో దానికి చుక్క నూనె కూడా ఉండకూడదు."

"నూనె లేకపోతే తుప్పు పట్టదూ?"

"ఇక్కడ పట్టదు."

"మా నాన్న ముప్ఫై ఏళ్ళు చేపల పడవ మీద తుపాకీ ఉంచుకున్నాడు. రోజూ నూనె పూసేవాడు. నాకు చెప్పొచ్చావ్!"

తుపాకీ లాక్కుని బయటికి నడిచింది. ముసలాయన వెంటపడి స్లెడ్జి కమ్మీ పట్టుకున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఇస్తే ఏ సారా కొట్లోనో అమ్ముకుంటాడు, అనుకుంది మారెన్.

"వదులు, తాతా! ఇంటికెళ్ళి పడుకో. పొద్దున్నే తాగినట్టున్నావ్."

ఆయన వదిలాడు. బండి కదిలిపోయినా, పట్టుకున్న చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

ఇంటికెళ్ళగానే మారెన్ పొయ్యి ముందు కూర్చుని, తండ్రి నేర్పినట్టే, కీలు కీలుకీ నూనె పట్టించింది. బోల్టు వెన్నలా జారింది.

నాలుగో రోజు పొద్దున్నే, నది మలుపులో మూస్ ఎదురొచ్చింది.

చెవులు వెనక్కి వాల్చి, ముందు వరుస కుక్కల మీదికి దూకింది.

పొట్టి తుపాకీ సంచిలోంచి ఇట్టే వచ్చింది. గురి కుదిరింది. మీట నొక్కింది.

పేలలేదు. ముద్దలో వేలు దిగినట్టు, మెత్తటి చప్పుడు.

బోల్టు బిగుసుకుపోయింది. అరచేత్తో కొట్టి తెరిచింది. పేలని తూటా మంచులో పడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చప్పుడు.

అయిదు తూటాలూ, చెక్కుచెదరకుండా, ఆమె కాళ్ళ దగ్గరే పడ్డాయి.

కేకలు పెట్టింది. గొడ్డలి విసిరింది. మూస్ తలెత్తి చూసి, తీరిగ్గా మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

కిందపడ్డ కుక్క కూడా మారెన్ వంకే చూసింది, ఆవిడ ఏదో ఒకటి చేస్తుందని.

విసుగొచ్చాక మూస్ తనంతట తనే వెళ్ళిపోయింది. మూడు కుక్కలు లేవలేదు. అన్నిటికీ దారి చూపే జూనో వాటిలో ఒకటి.

మర్నాడు మారెన్ తుపాకీ తెచ్చి వెర్నా ముందు విసిరికొట్టింది.

"నీ తుపాకీ పేలలేదు!"

వెర్నా బోల్టు ఊడలాగి, గోటితో గీరింది. గోట్లోకి పసుప్పచ్చటి మైనం లాంటిది వచ్చింది.

"ఇంత నూనె ఎవరు పూశారు? అది చలికి గడ్డకట్టాక, తూటాని కొట్టే లోపలి సూది ఎలా కదులుతుంది? ఎఫ్రాయిమ్ చెప్పనే చెప్పాడుగా."

మారెన్ ఆ పసుప్పచ్చటి ముద్దని వేలితో తాకి చూసింది.

"ఆయనెక్కడ? ఒక్క మాట చెప్పుకోవాలి."

"గురువారం పోయాడు. నిద్రలోనే." వెర్నా గొంతు తగ్గింది. "అంతకు ముందు రెండు రోజులూ నిన్ను కలవాలని, మీ ఇంటికి తీసుకెళ్ళమని నా ప్రాణం తీశాడు. తీరిక లేదన్నాను."

"తాగుబోతనుకున్నాను, వెర్నా."

"చుక్క ముట్టేవాడు కాదు."

"మరి తుపాకులు బాగుచేసేవాడా?"

"కాదు. చర్చికి కట్టెలు కొట్టేవాడు." వెర్నా బోల్టు మెల్లగా బల్ల మీద పెట్టింది. "వాళ్ళావిడా నీలాగే ఈ దారిలో కుక్కల్ని తోలేది. ఆఖరిసారి బయల్దేరిన పొద్దున ఆవిడ తుపాకీకి శ్రద్ధగా నూనె పూసి, చేతికిచ్చి పంపింది ఆయనే."