ఆదివారం బల్ల

"మూడు నెలలు చూస్తాం. అప్పటికీ జనం రాకపోతే గది ఖాళీ చేసేయాలి. బళ్ళు పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నాం," అన్నాడు అపార్టుమెంటు కార్యదర్శి, కింద గది తాళంచెవి ఓ జంట చేతిలో పెడుతూ.

"మూడు నెలలెందుకండీ, నెల చాలు," అంది ఆమె.

ఆ భార్యాభర్తలకి ధీమా కాస్త ఎక్కువే. తెల్లారకముందే లేచి పరుగెత్తుతారు. పనికి సైకిళ్ళ మీద పోతారు. ఐదో అంతస్తులో ఉంటూ లిఫ్టు ఎక్కరు. బట్టలుతికిన నీళ్ళు బకెట్లతో దింపి చెట్లకి పోస్తారు. ఆ ఇంట్లో దోమకి కూడా బతికే హక్కుందని పక్కింటావిడ మేలమాడుతుంది.

ఇప్పుడు కింద గదిలో బల్ల వేశారు. 'పారేయకండి, పట్టుకురండి' అని అట్టముక్క మీద రాసి తగిలించారు. పాడైన వస్తువు చెత్తకుప్ప చేరకుండా, ఆదివారాలు ఊరికే బాగుచేసి ఇవ్వాలని వాళ్ళ కోరిక.

ఆమె బడిలో సైన్సు టీచరు. అతను ఇళ్ళకి ప్లాన్లు గీస్తాడు. స్క్రూడ్రైవరు పట్టడం ఇద్దరికీ కొత్తే. అంతా వీడియోలు చూసి నేర్చుకున్న విద్య.

మొదటి ఆదివారం పదకొండు దాకా ఈగ కూడా వాలలేదు. అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన, బల్లమీద పెట్టుకునే లైటు పట్టుకుని.

"వెలగట్లేదమ్మా."

ఆమె ప్రాణం లేచొచ్చింది. ప్లగ్గు పెట్టి చూసి, ఆ వెంటనే స్క్రూడ్రైవరు ఎత్తింది.

"ముందు ప్లగ్గు తీయక్కర్లేదా అమ్మా? తెలీక అడుగుతున్నా."

ఆమె నాలిక్కరుచుకుని ప్లగ్గు పీకింది. లోపల వైరు ఊడింది, అంతే. పది నిమిషాల్లో లైటు వెలిగింది.

"వైరు పట్టుకుని లాగకూడదు బాబాయ్ గారూ. ప్లగ్గు పట్టుకుని తీయాలి."

"అలాగా!" అని ఆయన బుద్ధిగా తలూపాడు.

మరుసటి ఆదివారం ఇస్త్రీపెట్టె తెచ్చాడు. ఆపై వారం ఫ్యాను.

"అమ్మో, ఇన్ని స్క్రూలా! ఏది ఎక్కడిదో ఎలా గుర్తుంటుంది అబ్బాయ్? మీవి కుర్రబుర్రలు లే."

ఫ్యాను బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. ఆనాటి నుంచీ అతను విప్పేముందు కాగితం మీద బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత మిక్సీ వచ్చింది. దాని మోటారు రెండు ఆదివారాలు వాళ్ళకి చుక్కలు చూపించింది. లోపల అరిగిన కార్బన్ ముక్కలు మార్చాక గానీ తిరగలేదు.

"ఈయన చెయ్యి పడితే ఇనుపముక్క కూడా పాడైపోతుంది," అని నవ్వాడు అతను. ఆయనకి 'ఆదివారం బాబాయ్' అని పేరు పెట్టేశారు.

వాళ్ళు ఎప్పుడు చూసినా ఏదో విప్పుతూ కనిపించేసరికి, దారినపోయేవాళ్ళు తొంగిచూడటం మొదలైంది. చూసినవాళ్ళు తెచ్చారు. ఆరో ఆదివారానికి గది బయట వరస కట్టారు.

ఆ రోజు ఆయన రేడియో తెచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రేడియో పాడటం మొదలుపెట్టినా కుర్చీలోంచి లేవలేదు.

ఆమెకి చిరాకేసింది.

"బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో పాడవని వస్తువే లేదా? మిగతావాళ్ళకీ కాస్త చోటివ్వండి."

వరసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు.

"ఇక పాడైనవి లేవమ్మా. దీంతో అయిపోయాయి," అని రేడియో చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. ఆమె మనసు చివుక్కుమంది. పిలుద్దామంటే ఇల్లెక్కడో తెలీదు.

మూడు నెలలు నిండే ఆదివారం కార్యదర్శి కుట్టుమిషన్ మోటారు మోసుకొచ్చాడు.

"సామాను దొరకదని మూడు షాపులవాళ్ళు పారేయమన్నారు. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. ఇది తిరిగితే గది మీదే."

ఆమె ప్లగ్గు పెట్టి, చప్పుడు విని, ప్లగ్గు తీసేసింది. అతను కాగితం మీద బొమ్మ గీశాడు. మూత విప్పి ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"బాబాయ్ మిక్సీ జబ్బే!"

పాత సామాన్లలోంచి పీకిన కార్బన్ ముక్కలు వేసి బిగించారు. అరగంటలో మోటారు గిర్రున తిరిగింది.

"గది ఉంచుకోండి," అన్నాడు కార్యదర్శి.

"మరి బళ్ళ సంగతో?"

"మా ఏడుపేదో మేం ఏడుస్తాం లెండి."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ విడిభాగాల షాపుకి వెళ్ళి పెద్ద చిట్టా ఇచ్చారు.

"కొత్తగా షాపు పెడుతున్నారా?" అడిగాడు షాపాయన.

"కాదండీ, ఆదివారాలు ఒక బల్ల వేసి..."

ఆయన చిట్టా పక్కన పెట్టేశాడు.

"లైటు, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, మిక్సీ, రేడియో. ఇదే వరస కదూ?"

ఆమె తెల్లబోయింది. "అవన్నీ ఒక బాబాయ్ గారు తెచ్చారు. పాపం, ఏది ముట్టుకున్నా పాడుచేసుకుంటారు. నేనే ఒకరోజు నోరు జారాను. ఆయన ఇల్లు తెలుసా మీకు?"

"ఇల్లుంది, ఆయన లేరమ్మా. పోయి పదిహేను రోజులైంది."

"క్షమించమని అడుగుదామనుకున్నానండీ," అంది ఆమె.

"ఆయనకి కోపమెక్కడిది? ఆ రోజు సరాసరి ఇక్కడికే వచ్చారు. 'ఇక వాళ్ళకి నాతో పని లేదు' అని మురిసిపోయారు."

"మాకు ఆయనతో పనేంటి?" అన్నాడు అతను అర్థంకాక.

షాపాయన చిన్నగా అన్నాడు.

"ఈ వీధిలో మా అందరికీ రిపేరు పని నేర్పిన గురువమ్మా ఆయన, అవన్నీ మంచి వస్తువులే, ప్రతి శనివారం ఇక్కడే కూచుని, రేపటికి మీరు ఎంత నేర్చుకోగలరో అంతే పాడుచేసి తెచ్చేవారు."